గొళ్ళెం కాదు

నోటీసు బోర్డు మీద కాగితం అంటించి అరగంట కాకముందే లాండ్రీ అంతా చదివేసింది. చదవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి, సొంత వ్యాఖ్యానాలు కూడా జోడించి వినిపించారు. మడతల బల్ల దగ్గర పనిచేసే నిదానం మాత్రం గుంపు కరిగేదాకా ఆగి, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుంటూ చదివింది.

"వెనకవైపు తలుపుకు గొళ్ళెం మాత్రమే పెట్టి ఉందని ప్రత్యక్ష సాక్షి చెప్పినందున, దాన్ని తీసి బయటికి వెళ్ళే వీలుండి కూడా ఇస్త్రీ విభాగపు కార్మికురాలు తొందరపాటుతో కిటికీ అద్దం పగలగొట్టి, తన గాయానికి తానే కారణమైనట్టు ప్రాథమికంగా తేలింది. ఉద్యోగంలో కొనసాగింపు గురించి తుది విచారణ గురువారం."

ఆ ప్రత్యక్ష సాక్షి తనే. గొళ్ళెం అన్న మాటా తన నోటి నుంచి ఊడిపడ్డదే. కాగితంలో అబద్ధం ఎక్కడుందా అని వెతికితే, దొరికిన ఒక్క అబద్ధమూ తనదే అయింది.

ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అన్నీ ఆ లాండ్రీకే వస్తాయి. ఉతికేవాళ్ళు ఒకవైపు, ఆరబెట్టే యంత్రాలు ఒకవైపు, మధ్యలో ఇస్త్రీ రోలరు, చివర మడతల బల్ల. నిదానం పదహారేళ్ళుగా ఆ బల్ల దగ్గరే. రోలరు కింద నుంచి వెచ్చగా వచ్చిన దుప్పటి మూలలు రెండూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే, అది గాలిలోనే సగం మడతపడుతుంది. కొత్తవాళ్ళు ఆ విదిలింపు నేర్చుకోవడానికి ఆరు నెలలు తంటాలు పడతారు.

నిదానం అన్నది ఆమె అసలు పేరు కాదు. చేరిన మొదటి వారంలోనే ఎవరో "కొత్తామెకి నత్తి" అని నవ్వితే, ఇస్త్రీ రోలరు దగ్గరి పెద్దావిడ "నత్తి కాదే, నిదానం. మీ నోళ్ళకి కూడా కాస్త ఉంటే బాగుండేది" అంది. అంతే, ఆ పేరు ఖాయమైపోయింది. ఆ పెద్దావిడ ఎవరికీ సొంత వదిన కాదు, అందరికీ ఇస్త్రీ వదినే.

నిదానానికి మిగతా అక్షరాలన్నీ అటూ ఇటూగా లొంగుతాయి. మాట మొదట్లో వచ్చే త ఒక్కటే మొండికేస్తుంది. నాలుక పళ్ళ వెనక అతుక్కుపోతుంది, మెడ బిగుసుకుపోతుంది, కుడికన్ను దానంతటదే మూసుకుపోతుంది. చూసేవాళ్ళు జాలిపడతారు, లేకపోతే గోడ గడియారం చూస్తారు. ఆ రెండూ భరించలేక ఆమె త తో మొదలయ్యే మాటలన్నింటికీ పక్కదారులు వేసుకుంది. తువ్వాళ్ళు చిన్నవి, దుప్పట్లు పెద్దవి. తడి అనదు, చెమ్మ అంటుంది. లెక్కపెట్టేటప్పుడు ఏడు, ఎనిమిది, ఎనిమిది మీద ఒకటి, పది. విని విని మడతల బల్ల మొత్తానికి అదే అలవాటైంది. ఎందుకలా అనాలో ఒక్కరూ అడగలేదు. ఆ లాండ్రీలో తొమ్మిది అనే అంకె కాలం చేసి చాలా ఏళ్ళయింది.

ఇంట్లోనూ ఇదే వరస. బయటికి వెళ్ళేటప్పుడు కూతురితో "గొళ్ళెం పెట్టు" అంటుంది, కూతురు తాళం వేస్తుంది. ఆ ఇంట్లో గొళ్ళెం అంటే తాళమే.

పది రోజుల క్రితం మధ్యాహ్నం, ముందు తలుపు పక్కనే ఉన్న ఆరబెట్టే యంత్రంలో బెల్టు కాలి పొగ కమ్మేసింది. ఆడవాళ్ళందరూ వెనక తలుపుకేసి పరుగెత్తారు. అందరికంటే ముందు చేరింది నిదానం. గుప్పిట్లో పట్టనంత తాళం, దుప్పట్లు బయటికి పోతున్నాయని మేనేజరు వేయించినది, ఆమె చేతికి తగిలింది. రెండు చేతులా లాగింది. అది కదిలితేగా! ఇస్త్రీ వదిన ఆమెను పక్కకు నెట్టి, మోచేతికి ఒక చెమ్మ గుడ్డ చుట్టుకుని, కిటికీ అద్దం మీద కొట్టింది. ఏడుగురూ బయటపడ్డారు. వదిన చెయ్యి మాత్రం లోపలి నరం దాకా తెగింది. పొగ ఆరేసరికి తాళం మాయమై, దాని స్థానంలో స్క్రూల మెరుపైనా పోని కొత్త గొళ్ళెం వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రమే గుమాస్తా వాంగ్మూలం రాసుకున్నాడు. వెనక తలుపు ఎలా ఉందని అడిగాడు. నిదానం నోరు తెరిచింది. త దగ్గర ఆగిపోయింది. గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని గడియారం చూశాడు. ఇక ఉండబట్టలేక "గొళ్ళెం పెట్టి ఉంది" అనేసింది. అతను రాసుకుని, మళ్ళీ చదివి వినిపించకుండానే సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడామెకు తను తప్పు చెప్పానని కూడా తోచలేదు. తాళం అనే చెప్పాననుకుంది.

నోటీసు చదివిన రోజు డ్యూటీ దిగగానే నిదానం ఇస్త్రీ వదిన ఇంటికి వెళ్ళింది. వదిన కట్టుకట్టిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో బట్టలు మడతపెట్టడానికి కుస్తీ పడుతోంది.

"రావే సాక్షీ," అంది తలెత్తకుండా.

నిదానం ఆమె చేతిలోని చొక్కా లాక్కుని మడతపెట్టింది. ఇంకొకటి అందుకుంది. వదిన చూస్తూ ఊరుకుంది.

"గొళ్ళెం అన్నావటగా."

"అన్నాను వదినా."

"గొళ్ళెమా అది?"

"కాదు."

"మరేంటి?"

నిదానం చొక్కా పట్టుకుని అలాగే ఉండిపోయింది. మెడ బిగిసింది, కన్ను మూసుకుంది. వదినకు జాలేసింది.

"తాళం అనే కదా నీ ఉద్దేశం, నాకు తెలియదా ఏంటి. కష్టపడకు." ఒక్క క్షణం ఆగి, కట్టు చూసుకుంది. "నాకు తెలిస్తే ఏం లాభంలే. ఆ రోజు మిగతావాళ్ళందరూ నీ వెనకే ఉన్నారు, పొగలో మాకేం కనబడిందీ అంటున్నారు. అబద్ధమేం కాదు. ముట్టుకుని చూసింది నువ్వొక్కదానివే."

"వదినా, నా వల్లే ఇదంతా."

"ఉద్యోగం పోతే పోయింది. ఇరవై రెండేళ్ళు ఆ రోలరు ముందు నిలబడ్డాను, ఒక్క దుప్పటి కమరనివ్వలేదు, ఒక్కరి వేలు నలగనివ్వలేదు. నాకు తొందరపాటట! ఆ మాట బోర్డు మీద పెట్టారు చూడు, అది మింగుడు పడటం లేదే."

నిదానం చేతిలోని చొక్కా మడత పూర్తిచేసింది. ఉన్న బట్టలన్నీ మడతపెట్టి, అంచులు కలిపి, బీరువాలో సర్ది వచ్చింది.

మరునాడు పొద్దున మేనేజరు గదికి వెళ్ళి కాగితం ఒకటి ఇచ్చింది. అందులో తాళం అని మూడుసార్లు రాసింది. రాతలో ఆమెకు నత్తి లేదు, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మేనేజరు చదివి, కాగితాన్ని ఆమె వైపే తిప్పి బల్ల మీద జరిపాడు.

"ఎవరు రాసిచ్చారమ్మా ఇది?"

"నేనే రాశాను."

"చూడమ్మా, మొదట నోటితో చెప్పావు. మార్చాలన్నా నోటితోనే చెప్పాలి. కాగితాలదేముంది, ఎవరైనా రాసిపెడతారు. రేపు ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారుగా, ఆవిడ ముందే చెప్పు. ఎంత టైం కావాలంటే అంత తీసుకో."

చివరి మాట దగ్గర నవ్వాడు. అలాంటి నియమం ఒకటి ఉందో లేదో నిదానానికి తెలియదు. ఆ నవ్వు మాత్రం బాగా అర్థమైంది. తన నోటి మీద ఆయనకు ఎంత భరోసా ఉందో చూసుకుంటే ఒళ్ళు మండింది.

ఆ రోజంతా మడతల బల్ల దగ్గర పెదాలు కదుపుతూనే ఉంది. యంత్రాల హోరులో ఎవరికీ వినబడదు. ముప్పై సార్లు ప్రయత్నిస్తే రెండుసార్లు వచ్చింది. ఆ రెండుసార్లూ ఎవరూ చూడటం లేదు.

సాయంత్రం మామయ్య దుకాణానికి వెళ్ళింది. అమ్మ తమ్ముడు ఆయన, దర్జీ. చేతిలో కత్తెర ఎంత చురుకో నోరూ అంతే. ఎదుటివాళ్ళ మాట సగంలో అందుకుని పూర్తిచేయడం ఆయన జబ్బు, అందులో సగానికి పైగా తప్పే.

"మామయ్యా, నాకొక..."

"జాకెట్టా? గుడ్డ తెచ్చావా?"

"కాదు. నాకొక మాట..."

"మాట పట్టింపు వచ్చిందా ఎవరితోనైనా? నేనొచ్చి మాట్లాడతాను పద."

"నాకొక మాట చెప్పు మామయ్యా. అమ్మమ్మ ఇంట్లో నేను ప్రార్థన చేసిన రోజు గుర్తుందా?"

మామయ్య కత్తెర కింద పెట్టాడు. "గుర్తుండకపోవడమేంటే? ఆ రోజు అన్నం చల్లారిపోయింది. ఇప్పటికీ నాకు ఆ కోపం పోలేదు."

ఆమె ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

"రోజుకొక పిల్ల ప్రార్థన చెప్పాలి, ఆ పైనే అన్నం. అదీ మీ అమ్మమ్మ పద్ధతి. నీ వంతు వస్తే ఎప్పుడూ మీ అన్నయ్య చెప్పేసేవాడు. పదేళ్ళదానివి, ఆ రోజేమొచ్చిందో, నేనే చెప్తానని కూర్చున్నావు. అందరం కళ్ళు మూసుకున్నాం. మొదటి మాటే తండ్రీ అనాలాయె! అక్కడ ఆగిపోయావు. ఎంతకీ ముందుకు పోవు. నేనొక కన్ను తెరిచి చూశాను, నీ మొహం ఎర్రగా కందిపోయింది. నాకా కడుపులో ఎలుకలు. 'దేవా అనేయవే, ఎవరైతేనేం, ఆయనే కదా' అన్నాను."

"అమ్మమ్మ ఏమంది?"

"కళ్ళు కూడా తెరవలేదు. 'అది పిలుస్తున్నది నిన్ను కాదు కదరా, నీకెందుకు తొందర? ఆయనకేం పనులు మించిపోలేదు, వింటున్నాడు. ఆకలైతే నువ్వు లేచి వెళ్ళు' అంది. ఆ మాటకి ఎవడు లేస్తాడు? కూర్చున్నాం. కూర గడ్డకట్టింది. అప్పుడన్నావు. ఎంత గట్టిగా అన్నావంటే, ఏం కొంప మునిగిందోనని పక్కింటాయన తలుపు కొట్టాడు."

నిదానం నవ్వింది. ఆ కేక ఆమెకు గుర్తుంది. దాని కంటే ఎక్కువగా, కేకకు ముందరి నిశ్శబ్దం గుర్తుంది. చుట్టూ ఎనిమిదిమంది ఊపిరి పీలుస్తున్న చప్పుడు. తనను ఎవరూ తోయడం లేదు, ఎవరూ లాగడం లేదు. పైన ఎవరో చెవి ఒగ్గి కూర్చున్నట్టు, తను చెప్పేదాకా కదలనట్టు అనిపించింది. అంత నమ్మకం ఆమెకు ఆ తర్వాత ఎప్పుడూ కలగలేదు.

"ఆ రోజుతో నీ నత్తి పోతుందనుకున్నాను," అన్నాడు మామయ్య. "పోలేదు. ఏం లాభమమ్మా అని మీ అమ్మమ్మనే అడిగాను. 'పోవాలని నేనెప్పుడు అడిగాన్రా? తన కోసం ఆగేవాడొకడు ఉన్నాడని దానికి తెలిస్తే చాలు' అంది."

నిదానం పీట మీది దారప్పోగులు ఏరి ఉండచుట్టింది. ఆ పైన రేపటి విచారణ గురించి చెప్పింది. మామయ్య విని, నడుముకు చుట్టుకున్న టేపు లాగి బల్ల మీద కొట్టాడు.

"నేనొస్తాను రేపు. నువ్వు ఆగిపోయిన చోట నేను అందుకుంటాను."

"వద్దు మామయ్యా. నువ్వు అసలు రావద్దు."

ఆయన మొహం చిన్నబోయింది. కాసేపటికి, అర్థమైనవాడిలా తలూపాడు. ఆమె లేచి చెప్పులేసుకుంటూ, "వెళ్ళొస్తాను, ఇంటి దగ్గర పిల్ల..." అని, గొంతు సవరించుకోవడానికి ఆగింది. మామయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆమె "...ఒక్కతే ఉంది" అనేదాకా కత్తెర కేసి చూస్తూ నిలబడ్డాడు. పాపం, చెమటలు పట్టాయి ఆయనకు.

గురువారం తెల్లారగానే పొయ్యి మీద పాలు పెట్టి, నిదానం రోజూలాగే చేతులు జోడించింది. ఆమె ప్రార్థన ఎన్నో ఏళ్ళుగా మనసులోనే సాగుతుంది. మనసులో నత్తి ఉండదు. అయినా "దేవా" అనే మొదలుపెడుతోందని ఆ పూటే గమనించింది. వినేవాళ్ళెవరూ లేని చోట కూడా, సాక్షాత్తూ ఆయన దగ్గర కూడా, పక్కదారిలోనే పోతోంది ఇన్నాళ్ళూ. సిగ్గేసింది. పైకే చెబుదామని నోరు తెరిచింది. నాలుక అతుక్కుంది. కన్ను మూసుకుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, మాడు వాసన కొట్టింది. ఆమె కదలలేదు.

"తండ్రీ," అంది చివరికి. దాని వెనక అడగాల్సినవేవీ గుర్తురాలేదు. పొయ్యి తుడుచుకుని, మిగిలిన పాలతో టీ పెట్టుకుంది.

విచారణ క్యాంటీన్లో జరిగింది. రెండు బల్లలు కలిపి ఇన్‌స్పెక్టరమ్మను కూర్చోబెట్టారు. నెరిసిన జుట్టు, ముక్కు చివర కళ్ళజోడు. ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క గుమాస్తా. ఇస్త్రీ వదిన కుర్చీలో నిటారుగా, రోలరు ముందు నిలబడ్డంత గంభీరంగా కూర్చుంది. మడతల బల్లవాళ్ళు, ఉతికేవాళ్ళు గుమ్మంలో ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూస్తున్నారు.

ఇన్‌స్పెక్టరమ్మ పాత వాంగ్మూలం చదివింది. "ఇది మీరు చెప్పిందేనా?"

"నేను చెప్పిందే మేడమ్. కానీ నిజం అది కాదు."

"మరి వెనక తలుపుకి ఏముంది?"

నిదానం నోరు తెరిచింది. త అక్కడే ఉంది, పళ్ళ వెనక, కదలకుండా. మెడ బిగిసింది. గుమ్మంలో ఎవరో గాజులు సర్దుకున్నారు. గుమాస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు.

"గొళ్ళెమే కదమ్మా?" అన్నాడు మేనేజరు, మెత్తగా.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"రాసి ఇస్తారా?" అని ఇన్‌స్పెక్టరమ్మ తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపింది. మంచి మనసుతోనే జరిపింది. నిదానం ఆ కాగితం కేసి చూసింది. చెయ్యి దాదాపు లేచింది. రాసిస్తే ఒక్క నిమిషం పని. కానీ నిన్న మేనేజరు బల్ల మీద తనవైపే తిరిగొచ్చిన కాగితమూ ఇలాగే తెల్లగా ఉంది.

"వద్దు మేడమ్. చెప్తాను," అంది. "ఆగండి."

ఆ లాండ్రీలో పదహారేళ్ళలో ఆమె ఒకరిని ఆగమనడం అదే మొదలు. తన కోసం ఎవరూ ఆగనక్కర్లేకుండా మాటలు కత్తిరించుకుంటూ బతికిన మనిషి. ఆగమంటే గది మొత్తం ఆగింది. ఫ్యాను చప్పుడు వినబడింది. ఆ చప్పుడు కింద మనుషుల ఊపిరి వినబడింది, చల్లారుతున్న అన్నం చుట్టూ విన్నదే. ఎర్రబడుతున్న మొహాన్ని ఆమె దాచుకోలేదు. మూసుకుపోతున్న కన్నుకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వినేవాడు వింటున్నాడు, మిగతావాళ్ళది వాళ్ళ ఓపిక అనుకుంది. త... త... మళ్ళీ ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. మేనేజరు కుర్చీలో రెండుసార్లు కదిలాడు.

"తాళం," అంది నిదానం.

వదిన కళ్ళు మూసుకుంది.

"తాళం. గొళ్ళెం కాదు. నా గుప్పిట్లో పట్టనంత తాళం. రెండు చేతులా లాగాను, రాలేదు. వదిన అద్దం పగలగొట్టకపోతే ఇవాళ మీ ముందు నిలబడటానికి నేనుండేదాన్ని కాదు. వదినది త... తొందరపాటు కాదు మేడమ్. ఆ రోజు మా అందరిలో బుర్ర పనిచేసింది ఆవిడకొక్కదానికే."

"చూశారా మేడమ్," అన్నాడు మేనేజరు. "ఆ రోజు గొళ్ళెం, ఈ రోజు తాళం. రేపు ఇంకేమంటుందో."

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "నిజమే కదమ్మా. ఆ రోజు గొళ్ళెం అని ఎందుకన్నారు?"

"త... త నాకు రాదు మేడమ్. అందుకని ఆ అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ మార్చేసుకుంటాను. మా ఇంట్లో కూడా గొళ్ళెం అంటే..." ఈసారి కొంచెం త్వరగా వచ్చింది, "...తాళమే."

"నమ్మేలా ఉందా ఇది?" అన్నాడు మేనేజరు.

ఇన్‌స్పెక్టరమ్మ ఆయనకు జవాబు చెప్పలేదు. గుమ్మం వైపు తిరిగి, "మీ మడతల బల్ల దగ్గర తువ్వాళ్ళని ఏమంటారు?" అని అడిగింది.

"చిన్నవి!" అన్నాయి నాలుగు గొంతులు ఒక్కసారే.

"ఎనిమిది తర్వాత?"

"ఎనిమిది మీద ఒకటి," అనేసి, వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఓసి నీ నిదానం బంగారం కానూ, అందుకటే!" అంది అందులో పెద్దది, నోటి మీద చెయ్యేసుకుని. "మాకూ ఇప్పుడే తెలిసింది మేడమ్. ఆవిడ అంటుంటే మేమూ అంటున్నాం."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకుంది. గుమాస్తాను చూసి, "గొళ్ళెం కొట్టేసి తాళం అని రాయండి. పక్కన నేను సంతకం పెడతాను," అంది. అతను కొట్టేశాడు. కలం ఒత్తుకు కాగితం చిరిగినంత పనైంది. ఇస్త్రీ వదిన ఎడమచేత్తో ముక్కు తుడుచుకుని, మళ్ళీ నిటారుగా కూర్చుంది. నిదానానికి ఆమె కేసి చూడాలంటే భయమేసింది, చూస్తే ఏడుపొస్తుందని.

"ఇంకొక్కటే," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఆ తాళం తీయాలంటే చెవి ఎవరి దగ్గర ఉండేది?"

గదిలో గాలి మారింది. మేనేజరు లేచి నిలబడ్డాడు. "మేడమ్, భోజనాల వేళయింది. ఈమెతో ఇలాగే సాగితే మిగతా సాక్షులు..."

మేనేజరు కేసి వేలు చూపి "ఆయన డ్రాయర్లో" అంటే సరిపోయేది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెను ఆపదు. ఎప్పటిలా ఆ పక్కదారి ముందే కనబడింది కూడా. నిదానం దాన్ని వదిలేసింది. తాళం చెవి అన్న దగ్గర నుంచే చెప్పదలుచుకుంది. నాలుక మళ్ళీ అతుక్కుంది, మెడ మళ్ళీ బిగిసింది.

"ఇక చాలించండమ్మా," అన్నాడు మేనేజరు.

"ఆవిడ ఇంకా చెప్తున్నారు సార్," అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండానే. కలం కాగితం మీదే ఆనించి ఉంచాడు.

మేనేజరు కూర్చున్నాడు. నిదానం గుక్క తిప్పుకుని, మొదటి అక్షరం దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది.